క్యాజువాలిటీలో పని నేర్చిన నర్సును వార్డులకు తిప్పకండి: మా సంఘం ఏడాది పనిపై నా అభిప్రాయం

విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న మా ఎమర్జెన్సీ నర్సుల ప్రాంతీయ సంఘం ఈ మధ్యనే వార్షిక సర్వసభ్య సమావేశం జరుపుకుంది. శాలువాలు కప్పిన ఫోటోలు, జ్ఞాపికలు అందుకుంటున్న ఫోటోలు ఇప్పటికే చాలామంది చూసి ఉంటారు. ఆ సన్మానాలు జరగవలసిందే. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా శిక్షణ తరగతికి వచ్చి కూర్చున్న సోదరీమణులకు శాలువా చాలా చిన్న గౌరవం. అయితే ఒక సంఘం ఏడాదిలో ఎంత ముందుకు వెళ్ళిందో తెలియాలంటే ఫోటోలు సరిపోవు. రోగి స్ట్రెచర్ మీద లోపలికి వచ్చిన తొలి పది నిమిషాల్లో అత్యవసర విభాగమైన క్యాజువాలిటీ గుమ్మం దగ్గర ఏమి మారిందో చూడాలి. అలా చూసినప్పుడు ఈ ఏడాది మేము నిజంగానే ముందుకు వచ్చామని ధైర్యంగా చెప్పగలను. సంపాదించుకున్నదంతా వచ్చే ఏడాదికి చేజారిపోయే ప్రమాదం ఉందని కూడా అంతే గట్టిగా చెప్పదలచుకున్నాను. తర్ఫీదు పొందిన నర్సును క్యాజువాలిటీలో నిలవనివ్వని డ్యూటీ రొటేషనే ఆ ప్రమాదానికి కారణం.

ఇటువంటి సంఘం విశాఖలో ఎందుకని అడిగేవారు ఈ ఊరు చూసిన ప్రమాదాలను ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో పేలుడు జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరం రోజుల తరబడి కరెంటు లేక అల్లాడింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోగా వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్ళు ఢీకొన్నాయి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మాలో జరిగిన పేలుడు 17 మందిని బలిగొన్నది. ఇవన్నీ ఒక్క తరం నర్సుల ఉద్యోగ కాలంలోనే జరిగిపోయాయి. ఒకపక్క ఓడరేవు, ఉక్కు కర్మాగారం, ఫార్మా కంపెనీలు. ఇంకోపక్క 16వ నంబరు జాతీయ రహదారి. పైన పాడేరు, చింతపల్లి, అరకు కొండలు. పాముకాటు కేసులు, కష్టమైన కాన్పులు, హైవే మీద తలకు దెబ్బ తగిలినవారు, బీచ్‌లో మునిగి ఒడ్డుకు చేర్చినవారు చివరికి ఈ నగరానికే వస్తారు. 1923 నుంచి ఈ ప్రాంతానికి పెద్దాసుపత్రిగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కు ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా రోగులు వస్తారని ఇక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఈ ఏడాది సాధించిన వాటిలో అన్నిటికన్నా పెద్దది ట్రయాజ్, అంటే ఎవరికి ముందు వైద్యం అందాలో ప్రమాద తీవ్రతను బట్టి తేల్చడం, అని నా నమ్మకం. చాలా ఆసుపత్రుల్లో ముందు వచ్చినవారికి ముందు వైద్యం అందేది, లేదా వెంట వచ్చిన బంధువులు ఎంత పెద్దగా కేకలు వేస్తే అంత త్వరగా అందేది. నెత్తి చిట్లి రక్తం కారుతున్న కుర్రవాడి చుట్టూ పదిమంది చేరతారు. ఆ రక్తం చూసి అందరికీ కంగారు. అదే సమయంలో గోడవారగా బెంచీ మీద కూర్చుని, గ్యాస్ నొప్పి అనుకుంటూ చెమటలు కక్కుతున్న పెద్దాయనను ఎవరూ పట్టించుకోరు. అది గుండెపోటు కావచ్చు కాబట్టి, ఆ ఇద్దరిలో ముందు చూడవలసింది ఆ పెద్దాయననే. మా సభ్యులు పనిచేసే పలు క్యాజువాలిటీల్లో ఇప్పుడు గుమ్మం దగ్గరే ఒక నర్సు నిలబడి, శ్వాస, నాడి, బీపీ, ఆక్సిజన్ శాతం, స్పృహ చూసి, ఎరుపా (వెంటనే చూడాలి), పసుపా (కొంత ఆగవచ్చు), ఆకుపచ్చా (ఆగగలరు) అన్నది అక్కడికక్కడే తేలుస్తోంది. ఛాతీ నొప్పి అన్నవారికి వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్న నియమం పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్నా, గోడ మీద గడియారం చూసుకుని మరీ దాన్ని పాటించడం మా దగ్గర చాలాచోట్ల ఈ ఏడాదే మొదలైంది.

పెద్ద ప్రమాదాల విషయంలో చేసిన మాక్ డ్రిల్స్ గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే బయటివారికి ఇందులోని అసలు చిక్కు తెలియదు. ఏ పరిశ్రమలోనైనా ప్రమాదం జరిగితే మొదట ఆసుపత్రికి చేరేవారు తీవ్రంగా గాయపడినవారు కారు. నడవగలిగినవారు, ఆటో ఎక్కగలిగినవారు, బైకు వెనుక కూర్చోగలిగినవారు ముందు వచ్చేస్తారు. శిథిలాల కింద నుంచి, మంటల్లో నుంచి బయటికి తీయవలసినవారు ఆ తరువాత అంబులెన్సుల్లో వస్తారు. ముందు వచ్చినవారితో మంచాలన్నీ నింపేస్తే, వెనుక వచ్చే ప్రాణాపాయ స్థితివారికి నేలే దిక్కు. అందుకే పెద్ద ప్రమాదాల్లో వాడే స్టార్ట్ (START) అనే ట్రయాజ్ పద్ధతిలో నడవగలిగినవారిని మొదటే ఆకుపచ్చ ట్యాగుతో పక్కకు పంపి, మిగిలినవారిలో శ్వాస నిమిషానికి 30 దాటినా, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్లకు మించి పట్టినా, చెప్పిన మాట విని చేయలేకపోయినా ఎరుపు ట్యాగు వేస్తారు. ఇదంతా ఒక్కొక్కరికి నిమిషంలోపు తేలిపోవాలి. పుస్తకంలో చదివితే తేలిక అనిపిస్తుంది కానీ, అరుపుల మధ్య, చేతులు పట్టుకుని లాగే బంధువుల మధ్య అది సాధన లేకుండా ఒంటబట్టదు. రసాయనం మీద పడినవారిని లోపలికి తీసుకువెళ్ళే ముందే బయట బట్టలు తీసి, ఒళ్ళంతా నీళ్ళతో కడగాలన్న పాఠం కూడా ఈ డ్రిల్స్‌లోనే గట్టిపడింది. ఆ పని చేయకపోతే రోగితో పాటు వైద్యం చేసేవారు కూడా మంచం పడతారు. విశాఖలో పనిచేసే నర్సుకు ఇది ఐచ్ఛిక పాఠం కాదు.

అంబులెన్సు నుంచి రోగిని అందుకునే తీరు కూడా బాగుపడింది. మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇన్నేళ్ళుగా అంబులెన్సులోని టెక్నీషియన్ దారిలో చూసినదీ చేసినదీ నోటితో గబగబా చెప్పి వెళ్ళిపోవడం, అందులో సగం మాటలు క్యాజువాలిటీ గోలలో కలిసిపోవడం మామూలైపోయింది. ఈ ఏడాది సంఘం రోగిని అప్పగించేటప్పుడు నింపే ఒక పేజీ హ్యాండోవర్ కాగితం తయారుచేసింది, అదీ తెలుగులో. రోగి ఎవరు, ఏమి జరిగింది, దారిలో ఏమి కనిపించింది, ఏమి ఇచ్చారు, ఏ సమయానికి ఇచ్చారు అన్నవి అందులో ఉంటాయి. వాటితో పాటు మరొక గడి కూడా ఉంది: రోగి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు? పక్షవాతం కేసులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే అవకాశం ఉంటుంది కాబట్టి, వెంట వచ్చిన కోడలినో కొడుకునో ఆ ఒక్క ప్రశ్న సూటిగా అడగడం వల్ల మిగిలిన చికిత్స అంతా మారిపోతుంది.

ఏజెన్సీ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే నర్సుల కోసం పెట్టిన తరగతులు నా దృష్టిలో ఈ సంఘం చేసిన అత్యంత న్యాయమైన పని. వాటిలో నేర్పినది ఇది: పాముకాటుకు విరుగుడు మందు మొదటి విడతగా 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) ఎక్కించాలి. రక్తం గడ్డకడుతున్నదీ లేనిదీ శుభ్రమైన పొడి గాజు పరీక్షనాళికలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూడాలి. మందు వికటిస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. పాడేరు నుంచి విశాఖకు నూరు కిలోమీటర్ల పైన దారి, అందులో కొంత ఘాట్ రోడ్డు. రోడ్డు లేని గూడేల నుంచి డోలీలో మోసుకువచ్చిన రోగికి అంతకుముందే ఎన్ని గంటలు గడిచిపోయి ఉంటాయో తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. అటువంటి రోగిని ‘పై ఆసుపత్రికి రిఫర్’ అని చీటీ రాసి పంపడానికి ముందే, డాక్టరు ఆదేశంతో విరుగుడు మొదలుపెట్టగలిగిన నర్సు అక్కడ ఉండాలి. ఈ తరగతులకు వచ్చిన చాలామంది సొంత ఖర్చుతో, సొంత సెలవు పెట్టుకుని వచ్చారు. ప్రయాణ భత్యం ఇవ్వలేని స్థితి సంఘానిదైనా, ఆ బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.

పోలీసు కేసుతో ముడిపడిన మెడికో లీగల్ కేసుల తరగతి గురించి ఎక్కువ రాయను. ప్రమాద బాధితుడికి పోలీసు లాంఛనాల కంటే ముందు ప్రాణరక్షణ అందాలని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది. తీసుకువచ్చిన మంచి మనిషిని వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చారు. ఇవి తెలిసిన నర్సు గుమ్మంలో ఉంటే, రోడ్డు మీద పడినవారిని మోసుకువచ్చిన ఆటో డ్రైవరు భయపడి పారిపోడు. వైద్య సిబ్బంది మీద దాడులను అడ్డుకోవడానికి 2008లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం ఉండి కూడా రాత్రి రెండు గంటలకు గుమ్మంలో సెక్యూరిటీ మనిషి లేకపోతే ఆ నర్సుకు రక్షణ ఎక్కడిది? ఈ విషయంలో సంఘం వినతిపత్రాలు ఇవ్వడం వరకే వెళ్ళింది, అది చాలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంత కష్టపడి ట్రయాజ్ నేర్పిన నర్సును కొన్ని నెలలు తిరగకముందే పోస్ట్ ఆపరేటివ్ వార్డుకో, అవుట్ పేషెంట్ విభాగానికో మార్చేస్తారు. ఆమె స్థానంలో నిన్నటి వరకు చర్మవ్యాధుల వార్డులో ఉన్న సోదరిని తెచ్చి నిలబెడతారు. ఆ సోదరి తప్పు ఇందులో ఏమీ లేదు. డీఫిబ్రిలేటరు (లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఎక్కడుందో, అత్యవసర మందుల బండి అయిన క్రాష్ కార్ట్‌లో ఏ అరలో ఏ మందు ఉందో చీకట్లో కూడా చేయి వెళ్ళేంత అలవాటు కావడానికి ఎవరికైనా సమయం పడుతుంది. సీపీఆర్ చేసేటప్పుడు, అంటే గుండె ఆగినవారి ఛాతీని నొక్కేటప్పుడు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కాలని అందరికీ తెలుసు. అదే సమయంలో మందులు ఎవరు వేయాలి, సమయం ఎవరు రాయాలి, బంధువులను ఎవరు బయటికి తీసుకువెళ్ళాలి అన్నది ఎవరూ చెప్పకుండానే జరిగిపోవాలంటే, కలిసి పనిచేసిన జట్టు ఉండాలి. ప్రతి మూడు నెలలకూ చెదిరిపోయే చోట జట్టు ఎలా తయారవుతుంది?

నర్సు అన్నాక అన్ని వార్డుల పనీ తెలియాలి, ఒకేచోట ఉంచితే అలసిపోతారు, మిగిలినవారు అన్యాయం అంటారు అని అధికారులు చెప్పే మాటల్లో కొంత నిజం ఉంది. క్యాజువాలిటీ మనిషిని నలిపేస్తుందన్నది మాకంటే ఎవరికి తెలుసు? దానికి మందు అదనపు సిబ్బంది, వరుస నైట్ డ్యూటీల తరువాత సరైన విశ్రాంతి, కష్టానికి తగిన భత్యం. నైపుణ్యాన్ని చెదరగొట్టడం దానికి మందు కాదు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను డాక్టర్లకు ప్రత్యేక విభాగంగా భారత వైద్య మండలి 2009లో గుర్తించింది. ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరును కంటి విభాగానికి రొటేషన్ మీద పంపాలని ఎవరూ అనరు. భారత నర్సింగ్ కౌన్సిల్ కూడా ఎమర్జెన్సీ, డిజాస్టర్ నర్సింగ్‌లో నర్సింగ్ పూర్తి చేసినవారి కోసం ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా పెట్టింది. అది చదివి వచ్చిన నర్సును మాత్రం ఎక్కడైనా వేసేయవచ్చు అనుకుంటే, ఆ కోర్సు పెట్టిన ప్రయోజనం ఏమిటి? అమెరికాలో అనీటా డోర్, జూడిత్ కెలెహర్ అనే ఇద్దరు నర్సులు 1970లో ఎమర్జెన్సీ నర్సులకు సొంత సంఘం స్థాపించడానికి ముందు అక్కడ కూడా ఇదే మాట వినిపించేది: నర్సు ఎక్కడైనా నర్సే కదా అని. అత్యవసర మందులు, పరికరాలు ఒకేచోట ఉండాలని 1960ల చివర్లో చక్రాల బండిని రూపొందించినవారిలో ఆ అనీటా డోర్ ఒకరు. రోజూ ఆ గదిలో నిలబడి పనిచేసిన మనిషి కాబట్టే ఆ అవసరం ఆమెకు తట్టింది.

సంఘం పట్ల కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. కార్యవర్గంలో పర్మనెంటు ఉద్యోగులే ఎక్కువ. క్యాజువాలిటీల్లో రాత్రిళ్ళు భారం మోస్తున్నవారిలో చాలామంది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నర్సులు, ప్రైవేటు ఆసుపత్రుల్లో తక్కువ జీతానికి పనిచేసే చిన్న వయసు పిల్లలు. వాళ్ళు మాట్లాడితే ఉద్యోగం పోతుందన్న భయంతో మౌనంగా ఉంటారు. కార్యవర్గంలో వారికి స్థానాలు కేటాయించి, వారి సభ్యత్వ రుసుము తగ్గించాలి. పెద్దలు దీన్ని గుర్తుంచుకుని వచ్చే ఎన్నికల్లోనే సరిచేయాలని కోరుతున్నాను.

వచ్చే ఏడాదికి సంఘం నాలుగు చోట్లకు నాలుగు విన్నపాలు పంపడం కంటే ఒక్క డిమాండు మీద నిలబడాలి. ట్రయాజ్, సీపీఆర్ తర్ఫీదు పూర్తి చేసిన నర్సును ఆమె ఇష్టంతో కనీసం రెండేళ్ళు క్యాజువాలిటీలోనే ఉంచాలి. మార్చవలసి వస్తే ఒకేసారి సగానికి మించి జట్టును మార్చకూడదు. కొత్తగా వచ్చినవారు పాతవారి పక్కన కొన్ని వారాలు పనిచేశాకే ఒంటరిగా డ్యూటీ చేయాలి. ఇందుకు కొత్త భవనం, కొత్త యంత్రం, కొత్త బడ్జెట్టు ఏదీ అక్కర్లేదు. ఆసుపత్రి సూపరింటెండెంట్, నర్సింగ్ సూపరింటెండెంట్ కలిసి కూర్చుని డ్యూటీ చార్టు మీద సంతకం పెడితే చాలు. తమ ఆసుపత్రిలో గత ఏడాది తర్ఫీదు పొందినవారిలో ఇప్పటికీ క్యాజువాలిటీలో ఎంతమంది ఉన్నారో లెక్క తీసి, సభ్యులందరూ ఈ నెలాఖరులోగా కార్యదర్శికి పంపాలని మనవి. ఆ లెక్క చేతిలో పెట్టుకునే జిల్లా అధికారుల దగ్గరికి వెళ్దాం.