ఫ్రీ గేమ్‌కి ప్రచారం అక్కర్లేదట!

సరదాకి గేములు తయారుచేసేవాళ్ళ మధ్య ఒక ఫార్వర్డ్ చాలాకాలంగా చక్కర్లు కొడుతోంది. మాటలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ సారం ఒకటే: "గేమ్ బాగా చెయ్, ఫ్రీగా పెట్టు, ఊరుకో. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే జనం గేమ్ ఆడరా? ఫ్లాపీ బర్డ్‌కి ఎవడు ప్రచారం చేశాడు? వర్డిల్‌కి ఎవడు చేశాడు? డోకి డోకి లిటరేచర్ క్లబ్ చేసినవాడి పేరు అంతకుముందు ఎవడికి తెలుసు? సరుకుంటే యూట్యూబర్లే వెతుక్కుంటూ వస్తారు. ప్రచారం డబ్బున్న కంపెనీల పని. మరీ ఉండబట్టలేకపోతే లింకు నాలుగు గ్రూపుల్లో పడెయ్. అయినా నీది హాబీ, నీకెందుకు టెన్షన్?"

చదవడానికి హాయిగానే ఉంటుంది. సొంత గేమ్ లింకు ఇంకొకరికి పంపాలంటేనే మొహమాటపడే మనిషికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. అందుకే ఇన్ని షేర్లు. ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

ముందు ఫినాయిల్ సంగతి. ధర సున్నా అయితే ఇక అడ్డేముందని గేమ్ చేసినవాడికి అనిపిస్తుంది. ఆడేవాడి కుర్చీలో కూర్చుని చూడండి. మీరు విండోస్‌కి గేమ్ చేసి, జిప్ ఫైలు ఇచ్ డాట్ ఐఓలో (ఎవరి గేమ్ వాళ్ళే పెట్టుకునే సైటు) పెట్టారు. ఒకాయన దాన్ని దించుకుని, జిప్ విప్పి, గేమ్ నడిపే ఈఎక్స్ఈ ఫైలు మీద రెండుసార్లు నొక్కాడు. గేమ్ రాలేదు. నీలంరంగు పెట్టె ఒకటి వచ్చి 'విండోస్ మీ కంప్యూటర్‌ని కాపాడింది' అంది. అందులో ఎదురుగా కనబడే బటన్ 'రన్ చేయవద్దు' ఒక్కటే. గేమ్ నడవాలంటే పైన సన్నటి అక్షరాల్లో ఉన్న 'మరింత సమాచారం' నొక్కాలి, అప్పుడు గానీ 'అయినా రన్ చెయ్' అనే రెండో బటన్ బయటికి రాదు. మీకు అలవాటు కాబట్టి చూడకుండా నొక్కేస్తారు. మీరెవరో తెలియనివాడు ఎందుకు నొక్కుతాడు? ఫైలు మీద డిజిటల్ సంతకం పెట్టించుకోవచ్చు గానీ ఆ సర్టిఫికెట్‌కి మామూలుగా ఏటా డబ్బు కట్టాలి. కట్టినా, ఆ ఫైలుని తగినంత మంది దించుకునేదాకా హెచ్చరిక ఆగుతుందన్న హామీ లేదు.

ఫోన్లో ఇంకా కష్టం. పెళ్ళి శుభలేఖ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ని ఎక్కించే ఫైలు) నొక్కి, బ్యాంకు ఖాతా ఖాళీ అయి లబోదిబోమన్నవాళ్ళ వార్తలు మన పేపర్లలో మామూలైపోయాయి. తెలియని ఏపీకే ముట్టుకోవద్దని పోలీసులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ మాట వినే బుద్ధిమంతుడు మీ గేమ్‌నీ ముట్టుకోడు. ముట్టుకోకూడదు కూడా.

పోనీ ప్లే స్టోర్లో పెడదామా? 25 డాలర్లు ఒక్కసారి కడితే ఖాతా వస్తుంది. కానీ 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ఒక మెలిక పెట్టింది. గేమ్ అందరికీ విడుదల చేసేముందు 20 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో, అంటే మనం పిలిచినవాళ్ళు మాత్రమే ఆడిచూసే పరీక్షలో, ఉండాలి. 2024 చివర్లో ఆ 20ని 12కి తగ్గించారు. అంటే ప్రచారం అక్కర్లేదన్న పెద్దమనిషి కూడా 12 మందిని బతిమాలి, వాళ్ళ జీమెయిల్ ఐడీలు తీసుకుని, రెండు వారాలు ఎవరూ జారిపోకుండా కాపలా కాయాల్సిందే. ఇది ప్రచారం కాకపోతే మరేమిటో ఆ ఫార్వర్డ్ రాసినవాళ్ళే చెప్పాలి.

ఈ బాధలన్నిటికీ ఉన్నంతలో మంచి మందు, గేమ్‌ని బ్రౌజర్లోనే ఆడేలా పెట్టడం. దించుకోవడం లేదు, విప్పడం లేదు, నీలం పెట్టె లేదు. లింకు నొక్కితే గేమ్. గేములు తయారుచేసే గోడాట్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి ఒక మాట: 4.3 కంటే పాత 4 వెర్షన్లలో వెబ్‌కి ఎగుమతి చేస్తే, ఇచ్ పేజీ సెట్టింగుల్లో షేర్డ్ అర్రే బఫర్ అన్నచోట టిక్ పెట్టకపోతే గేమ్ బదులు ఎర్రర్ కనబడుతుంది. మీ కంప్యూటర్లో మాత్రం అంతా బాగానే ఉంటుంది! 4.3 నుంచి థ్రెడ్లు లేకుండా ఎగుమతి చేసే వీలుంది, ఆ గొడవ తప్పుతుంది. ఇలాంటిది సరిచూసుకోవడం కూడా ప్రచారంలో భాగమే అంటాను నేను. తెరుచుకోని గేమ్‌కి ఎంత ప్రచారం చేసినా దండగే కదా.

ఇక ఆ గొప్ప ఉదాహరణలు. ఫార్వర్డ్‌కి ప్రాణమంతా వీటిలోనే ఉంది, కాబట్టి కాస్త నిలబడి చూడాలి.

ఫ్లాపీ బర్డ్ అంటే తెర నొక్కుతూ పక్షిని పైపుల మధ్యలోంచి ఎగరేసే ఫోన్ గేమ్. చేసింది వియత్నాం, హనోయ్‌కి చెందిన డాంగ్ న్గుయెన్. గేమ్ యాప్ స్టోర్‌కి వచ్చింది 2013 మేలో. అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది 2014 జనవరిలో. ఫిబ్రవరిలో ఆయనే తీసేశాడు. మేలోనూ అది ఫ్రీయే, జనవరిలోనూ ఫ్రీయే. పక్షి అదే, పైపులు అవే. ఫ్రీగా ఉండటం, బాగుండటం ఈ రెండే జనాన్ని రప్పించేవైతే మధ్యలో ఆ నెలలన్నీ జనం ఎక్కడికి పోయినట్టు? అమాంగ్ అస్ కథ మరీ విచిత్రం. 2018 జూన్‌లో ఫోన్లకి వచ్చింది. 2020 మధ్యలో, అందరూ ఇళ్ళలో కూర్చుని ఉన్నప్పుడు, ట్విచ్ అనే సైటులో గేములు ఆడుతూ లైవ్‌లో చూపించే స్ట్రీమర్లు పట్టుకున్నాక గానీ ప్రపంచానికి తెలియలేదు. రెండేళ్ళు! ఈ రెండు కథలూ ఆ ఫార్వర్డ్‌కి సాక్ష్యం కావు, ఎదురు సాక్ష్యం.

వర్డిల్ అంటే రోజుకో ఐదక్షరాల ఇంగ్లీషు మాటని ఊహించే ఆట. అది చేసిన జాష్ వార్డిల్ ఎవరికీ తెలియని మనిషేం కాదు. అంతకుముందు రెడిట్ అనే చర్చల సైటులో పనిచేస్తూ 2015లో 'ది బటన్', 2017లో 'ప్లేస్' అనే సామూహిక ప్రయోగాలు నడిపినవాడు. లక్షలమంది ఒకేచోట ఎలా ఆడతారో, ఎందుకు చెప్పుకుంటారో ఆయనకి బాగా తెలుసు. 2021 నవంబర్ 1న వర్డిల్ ఆడినవాళ్ళు 90 మంది. 2022 జనవరి 2న 3 లక్షలు దాటారు. ఈ మధ్యలో జరిగిన ముఖ్యమైన సంగతి, డిసెంబర్లో వచ్చిన షేర్ బటన్. న్యూజిలాండ్‌లో ఆడేవాళ్ళు కొందరు తమ ఫలితాన్ని ఆకుపచ్చ, పసుపు గళ్ళ ఎమోజీలతో చేత్తో టైప్ చేసి పెట్టుకుంటుంటే చూసి, దాన్ని ఆయన గేమ్‌లోకే తెచ్చాడు. జవాబు బయటపడకుండా ఎంత బాగా ఆడామో చూపించే గళ్ళు అవి. చూసినవాడు 'ఇదేంటి' అని అడగకుండా ఉండలేడు. ఇంతకన్నా పకడ్బందీ ప్రచారం ఏ కంపెనీ చేసింది? దాన్ని గేమ్ లోపలే పెట్టాడు కాబట్టి ప్రచారం లేదనిపిస్తోంది.

డోకి డోకి చేసిన డాన్ సల్వాటో సంగతీ అంతే. 2017 సెప్టెంబర్లో ఆ గేమ్ రాకముందే సూపర్ స్మాష్ బ్రదర్స్ అనే ఫైటింగ్ గేముల అభిమానుల్లో ఆయన పేరు తెలిసినవాళ్ళున్నారు. ఆ గేములకి మోడ్లు, అంటే బయటివాళ్ళు చేసిపెట్టే మార్పులు, చేసినవాడాయన. ట్విచ్ చూసేవాళ్ళు బ్రౌజర్‌కి తగిలించుకునే ఫ్రాంకర్‌ఫేస్‌జీ కూడా ఆయన మొదలుపెట్టిందే. ఏళ్ళ తరబడి నలుగురికీ పనికొచ్చేవి చేసిపెట్టిన మనిషి గేమ్ విడుదల చేస్తే మొదటిరోజే తొంగిచూసేవాళ్ళుంటారు. ఆ ఏళ్ళని లెక్కలోంచి తీసేసి 'ప్రచారం చేయలేదు' అంటే ఎలా?

ఫార్వర్డ్ పక్షాన నిలబడే ఉదాహరణ నిజంగా ఒకటుంది, అది మాత్రం వాళ్ళకి గుర్తు రాలేదు: కేవ్ స్టోరీ. జపాన్‌కి చెందిన దైసుకే అమాయా ఒక్కడే ఐదేళ్ళు తీరిక వేళల్లో చేసి, 2004 డిసెంబర్లో ఫ్రీగా వదిలాడు. ఏయాన్ జెనెసిస్ అనే అభిమానుల బృందం తమంతట తామే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. ఒప్పుకుంటాను, అలా జరిగింది. కానీ అది 2004. అప్పట్లో ఒక మనిషి పూర్తిచేసిన అంత పెద్ద ఫ్రీ గేమ్ రావడమే ఒక వార్త. 2024లో కంప్యూటర్ గేములు అమ్మే ఒక్క స్టీమ్‌లోనే 18 వేలకు పైగా గేములు వచ్చాయి. అంటే రోజుకి సుమారు 50. ఇచ్‌లో పడేవి ఇవి కాక. అక్కడ 'కొత్తగా వచ్చినవి' జాబితాలో మీ బొమ్మ ఎంతసేపు పైన ఉంటుందో ఒకసారి పెట్టి చూడండి.

యూట్యూబర్లే వస్తారన్న మాట సగం నిజం. కొందరు నిజంగానే వెతుకుతారు, వాళ్ళ తిండి అదే. వాంపైర్ సర్వైవర్స్ అనే గేమ్ 2021లో బ్రౌజర్లో ఫ్రీగా ఉన్నా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ డిసెంబర్లో స్టీమ్‌లో 3 డాలర్లకి పెట్టాక, 2022 జనవరిలో యూట్యూబర్లు వీడియోలు చేశాక విరగబడి ఆడారు. గమనించారా, ఫ్రీగా ఉన్నప్పుడు రానివాళ్ళు డబ్బు పెట్టాక వచ్చారు! అయితే వెతికేవాడు కూడా చూసేది మీ పేజీలో బొమ్మని, మొదటి గిఫ్‌ని (కదిలే బొమ్మని). ఇచ్ జాబితాలో కవర్ బొమ్మ అరచేతిలో సగం కూడా ఉండదు. అందులో గేమ్ పేరు చిన్న అక్షరాల్లో రాసి, వెనక చీకటి కొండలు పెడితే ఏం కనబడుతుంది? గిఫ్‌లో మొదటి మూడు సెకన్లు మీ లోగో వెలుగుతుంటే ఎవరాగుతారు? ఆట మధ్యలోంచి, ఏదో పేలుతున్నచోటు నుంచి మొదలుపెట్టాలి.

లక్షల సబ్‌స్క్రైబర్లున్న ఛానళ్ళకి మెయిల్ పెట్టి ఎదురుచూడటం వృథా. మీలాంటి గేములే ఆడే చిన్న ఛానళ్ళు చూసుకుని నాలుగు వాక్యాలు రాయండి. ఏ తరహా గేమ్, ఎంతసేపు పడుతుంది, గిఫ్, లింకు. తెలుగు గేమింగ్ ఛానళ్ళలో ఎక్కువ భాగం బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి షూటింగ్ గేముల చుట్టూనే తిరుగుతాయి. వాళ్ళకి పజిల్ గేమ్ పంపి జవాబు రాలేదని బాధపడకూడదు. ఫ్రీ గేమ్‌కి ఇక్కడ ఒక సుఖం ఉంది: డబ్బు పెట్టి కొనే గేమ్‌ని తెరిచే కోడ్లు (కీలు) ఉచితంగా అడిగి తీసుకుని అమ్ముకునేవాళ్ళ దొంగ మెయిళ్ళ బెడద మీకుండదు.

'ప్రచారం డబ్బున్నవాళ్ళ పని' అన్నది మాత్రం పూర్తిగా తలకిందుల మాట. ఫ్రీ గేమ్‌కి డబ్బు పెట్టి ప్రకటనలిస్తే ప్రతి క్లిక్కుకీ చేతి చమురు వదలడమే, తిరిగొచ్చేది ఉండదు. '50 డాలర్లకి 10 వేల డౌన్‌లోడ్లు' లాంటి మెయిళ్ళు వస్తాయి, వాటి వెనక మనుషులుండరు. స్టీమ్‌లో పెట్టడానికి 100 డాలర్లు. గేమ్ 1000 డాలర్లు సంపాదించాక వెనక్కిస్తారు, పూర్తిగా ఫ్రీ గేమ్‌కి ఆ వంద పోయినట్టే. తెలిసి పెడితే సరే.

ఖర్చు లేని దారి గేమ్ జామ్‌లు, అంటే ఇచ్చిన కొద్ది గడువులో అందరూ గేములు చేసి పెట్టే పోటీలు. వాటిలో ఒకటైన లుడమ్ డేర్ 2002లో మొదలైంది. అక్కడ గేమ్‌కి ర్యాంకు రావాలంటే కనీసం 20 రేటింగులు కావాలి. మీరు ఇతరుల గేములు ఆడి, రేటింగు ఇచ్చి, వ్యాఖ్య రాసే కొద్దీ మీ గేమ్ ఇతరుల ముందుకి ఎక్కువగా వస్తుంది. ఎవరికీ తెలియని మనిషికి ఇంత న్యాయమైన ఏర్పాటు ఇంకెక్కడా చూడలేదు నేను. బాబా ఈజ్ యూ అనే పేరున్న పజిల్ గేమ్ పుట్టింది 2017 నార్డిక్ గేమ్ జామ్‌లోనే. అందరికీ అంత పేరు రాదు, సరే. పాతికమంది అపరిచితులు మీ గేమ్ చివరిదాకా ఆడి, ఎక్కడ విసుగొచ్చిందో రాసిపెడితే తక్కువా?

లింకు నాలుగు గ్రూపుల్లో పడెయ్యడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పిన్నిగారి గ్రూపులో పది బొటనవేళ్ళు వస్తాయి, ఒక్కరూ ఆడరు.

చివరిది, హాబీకి టెన్షన్ ఎందుకన్నది. తమ్ముడి పుట్టినరోజుకి చేసిన గేమ్ తమ్ముడు ఆడితే చాలు, దానికి ఏ ప్రచారమూ వద్దు, నిజమే. కానీ అదే ఫార్వర్డ్ షేర్ చేసినవాళ్ళు మూడు నెలలకి 'నా గేమ్ బాగోలేదేమో, ఎవరూ ఆడలేదు' అని మానేయడం చూస్తుంటాం. సరుకుంటే జనమే వస్తారని నమ్మినవాడికి, జనం రాకపోతే సరుకు లేదనే కదా అర్థం! ఇచ్ డ్యాష్‌బోర్డులో పేజీ ఎంతమంది చూశారో, ఎన్నిసార్లు ఆడారో విడివిడిగా ఉంటాయి. చాలామంది చూసి కొందరే ఆడితే కవరు మార్చాలి, గిఫ్ మార్చాలి. ఆడినవాళ్ళు మొదటి లెవెల్లోనే వెళ్ళిపోయామని రాస్తే గేమ్‌లో చూసుకోవాలి. చూసినవాళ్ళే పదిమంది లేకపోతే ఆ గేమ్ బాగుందో లేదో ఇంకా ఎవరూ చెప్పనేలేదు.