అప్రస్తుత ప్రసంగం

అమెరికాలో కొడుకింటికో కూతురింటికో ఆరు నెలలు ఉందామని వచ్చిన నా తోటి పెద్దలకు ఒక ముఖ్య విషయం మనవి చేసుకుంటున్నాను. ఏదో ఒక శనివారం పిల్లలు మిమ్మల్ని కారెక్కించి మ్యూజియంకి తీసుకెళ్తారు. బొమ్మలు చూడ్డానికి అనుకునేరు. వినడానికి.

మా అబ్బాయి నన్ను తీసుకెళ్ళిన మొదటి ప్రసంగం గ్రాంట్ వుడ్ 1930లో వేసిన ‘అమెరికన్ గోతిక్’ మీద. అసలు బొమ్మ షికాగోలో ఉంటుంది. ఫరవాలేదు, ప్రసంగానికి బొమ్మతో పని లేదు. తెర మీద బట్టతల పెద్దాయన, చేతిలో గడ్డి ఎత్తే మూడు మొనల కర్ర. పక్కన పెదవి బిగించిన ఆడమనిషి. పొద్దున్నే పోట్లాడుకుని ఫొటోకి నిలబడ్డ మొగుడూ పెళ్ళాలనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ చిత్రకారుడి చెల్లెలు, ఆయన పళ్ళ డాక్టరు! ఇద్దరినీ కలిపి నిలబెట్టనే లేదట, విడివిడిగా వేశాడట. ఈ సంగతి చెప్పడానికి నిమిషం పట్టింది. మిగతా గంటసేపూ ఆ బొమ్మ పల్లెటూరి వాళ్ళని వెక్కిరిస్తోందా, గౌరవిస్తోందా అని వక్త తర్కించి, ఎటూ తేల్చకుండా దిగిపోయారు. తేల్చకపోవడమే పాండిత్యమని మావాడు నా చెవిలో చెప్పాడు.

ఆ తర్వాత అసలు ఘట్టం, ప్రశ్నలు. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఒక్కరినే పెట్టుకుంటాం. అవధాని సమస్యాపూరణలో తలమునకలుగా ఉన్నప్పుడు, వంకాయలు కిలో ఎంతకి కొన్నారని అడగడం ఆయన పని. ఇక్కడ ఆ పదవికి హాలంతా పోటీ. ఒకాయన మైకు అందుకుని, “ఇది ప్రశ్న కాదు, చిన్న మాట” అన్నాడు. ఆ చిన్న మాట ఆయన కుర్రతనంలో న్యూయార్క్‌లో అద్దెకున్న గదిలో మొదలై, అద్దె పెరిగిన వైనం మీదుగా సాగి, బొమ్మ దాకా రాకుండానే ముగిసింది. వక్త “చాలా మంచి ప్రశ్న” అన్నారు.

సినిమాలు కూడా వేస్తారు. ఆండీ వార్హోల్ అనే అమెరికన్ చిత్రకారుడు 1964 జూలైలో ఒక రాత్రి, కెమెరా కదపకుండా, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌ని ఆరున్నర గంటలు తీశాడు. అది చాలదన్నట్టు, నెమ్మదిగా తిప్పి 8 గంటల 5 నిమిషాలు చూపించమన్నాడు. మాటల్లేవు, పాటల్లేవు. రాత్రంతా తోలుబొమ్మలాట చూసిన జాతి మనది, ఓపిక లేక అనడం లేదు. కానీ అక్కడ నిద్ర ముంచుకొచ్చే వేళకి కేతిగాడు, బంగారక్క వచ్చి లేపేవాళ్ళు. ఇక్కడ మొదట్లో మేడ మీద లైట్లు వెలుగుతాయి, చివర్లో ఆరతాయి. మధ్యలో రీలు మార్చినప్పుడు తీసేవాళ్ళ నీడ కిటికీ అద్దంలో కాస్త కనిపిస్తుంది. కేతిగాడంటే ఆ నీడే. పులిహోర డబ్బా హాల్లోకి రానివ్వరు, ముందే చెబుతున్నాను.

వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంకి వెళ్ళినప్పుడు మాత్రం నేను ప్రసంగం ఎగ్గొట్టి గదులు తిరిగాను. టికెట్ లేదు కాబట్టి డబ్బులు వేస్టయ్యాయన్న బాధా లేదు. ఒక గది నిండా ధగధగలాడుతూ ఒక సింహాసనం, దాని చుట్టూ పీఠాలు, కిరీటాలు. బంగారమేమో అని దగ్గరికి వెళ్తే, పాత కుర్చీలకీ, అట్టలకీ, మాడిపోయిన బల్బులకీ చుట్టిన మెరుపు కాగితం. చేసినాయన జేమ్స్ హాంప్టన్, ప్రభుత్వ ఆఫీసులు శుభ్రం చేసే ఉద్యోగి. డ్యూటీ దిగాక, అద్దెకు తీసుకున్న గరాజ్‌లో కూర్చుని, సుమారు పద్నాలుగేళ్ళలో 180 వస్తువులు చేశాడు. 1964లో ఆయన పోయాక, అద్దె రాలేదేమిటా అని గరాజ్ యజమాని తలుపు తీసి చూస్తే ఇదంతా ఉందట. సింహాసనం పైన ‘భయపడకు’ అని ఇంగ్లీషులో రాసి ఉంది.

ఎంతసేపు నిలబడ్డానో. మావాడు ఫోన్ చేశాడు, “ఎక్కడున్నారు నాన్నా? ప్రశ్నల టైమ్ అయింది, రండి” అని.

వెళ్ళాను. మైకు నా వరస దాకా వచ్చింది. ఇది ప్రశ్న కాదండీ, చిన్న మాట అని మొదలుపెట్టి, మా చిన్నప్పుడు వినాయక చవితి పందిరికి సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాలు ఏరుకొచ్చి, మైదా జిగురు పెట్టి అంటించేవాళ్ళమని చెప్పుకుపోయాను. మైకు ఎప్పుడు లాక్కున్నారో గుర్తు లేదు.