వారానికి ఒక్క మాత్రే కదా అని తేలిగ్గా తీసుకోకండి

అమ్మకి ఎముకలు గుల్లబారుతున్నాయని డాక్టర్ అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. వారానికి ఒకటి, పొద్దున్నే వేసుకోమన్నారు, అంతే. ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. అమ్మ దాన్ని రెండు గుక్కల కాఫీతో మింగేసి, నడుము లాగుతోందని మళ్లీ పడుకునేది. మూడో వారానికి ఛాతీ మధ్యలో మంట, ముద్ద దిగేటప్పుడు నొప్పి. గ్యాస్ అనుకుని ఎవరికీ చెప్పకుండా నాలుగో మాత్ర కూడా వేసేసుకుంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ మొదట అడిగిందే, "మాత్ర వేసుకున్నాక ఏం చేస్తారమ్మా?" అని. "పడుకుంటానండీ" అంది అమ్మ. వెంటనే మాత్ర ఆపించారు. ఆ ఒక్క ప్రశ్న మందు రాసిన రోజే అడగడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

ఈ మాత్ర అన్నవాహికలో అంటుకుంటే అక్కడ పుండు పడుతుంది. అందుకే నిద్ర లేవగానే, పరగడుపున, నిండు గ్లాసు మామూలు నీళ్లతో మింగాలి. నమలకూడదు, చప్పరించకూడదు. తర్వాత కనీసం అరగంట కూర్చోండి, నిలబడండి, నడవండి, ఏదైనా సరే, ఏదో ఒకటి తినేదాకా నడుం మాత్రం వాల్చకండి. ఆ అరగంటలో తిండీ, కాఫీ, వేరే మందులూ ఏవీ వద్దు. ఎందుకంటే ఖాళీ కడుపుతో వేసుకున్నా ఈ మందు ఒంటికి పట్టేది నూటికి 1 వంతు కూడా కాదు, కాఫీతో వేసుకుంటే అందులోనూ 60 శాతం దాకా పోతుంది. చాలామంది చేసే ఇంకో పొరపాటు, రెండూ ఎముకలకే కదా అని కాల్షియం మాత్రని దీంతో కలిపి మింగడం. కాల్షియం దీన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. దాన్ని భోజనంతో వేసుకోండి.

మర్చిపోతే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున ఒకటి వేసుకుని, మళ్లీ మామూలు రోజుకి వచ్చేయండి. ఒకే రోజు రెండు మాత్రం వద్దు. రోజూ వేసుకునే మాత్రల డబ్బాలో దీన్ని కలిపేయకండి, పొరపాటున ప్రతిరోజూ మింగేస్తారు.

మింగడం కష్టమైనా, కొత్తగా ఛాతీలో మంట మొదలైనా మాత్ర ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. పన్ను పీకించుకోవాల్సి ఉంటే ముందే చెప్పండి, ఎందుకంటే అరుదుగానే అయినా దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లకి తొడలోనో గజ్జల్లోనో నొప్పి వస్తే అది వయసు నొప్పి అని వదిలేయకండి. 5 ఏళ్లు దాటితే ఇంకా అవసరమా అని మీరే అడగండి.

అలాగని ఇది చదివి భయపడి మీ అంతట మీరు మానేయొద్దు, తుంటి విరిగితే ఆ మనిషి మళ్లీ మునుపటిలా నడుస్తారన్న నమ్మకం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు అరగంట నిటారుగా కూర్చోలేకపోతే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. కిడ్నీలు, కాల్షియం పరీక్షలు చూసి ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇస్తారు. ఇప్పుడు అమ్మకి ఇస్తున్నది అదే.