మేనరికాన్నీ నడతనూ నిందించే ముందు

బిడ్డకు పుట్టుకతోనే ఏదో జబ్బు ఉందని తేలితే, విశాఖలో మధురవాడ అపార్ట్‌మెంట్‌లోనైనా జాలారిపేట ఇంట్లోనైనా పెద్దలు మొదట అడిగేది ‘ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?’ అనే. సుఖవ్యాధుల విషయంలో ఈ ప్రశ్నే పొరపాటు. ఎక్స్ క్రోమోజోమ్ వెంట వచ్చే జన్యు వ్యాధుల విషయంలో ప్రశ్న సరైనదే గానీ, జవాబు మనవాళ్లు వెతికే చోట ఉండదు.

సిఫిలిస్‌నే తీసుకుందాం. అది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. గర్భిణికి ఉంటే మాయ ద్వారా కడుపులోని బిడ్డకూ సోకుతుంది కాబట్టి పుట్టుకతో వచ్చినట్టు కనిపిస్తుంది, అయినా వంశపారంపర్యం కాదు. ఆ బిడ్డ జన్యువుల్లో ఏ మార్పూ ఉండదు. గర్భిణులకు తొలి నెలల్లోనే హెచ్ఐవీతో పాటు సిఫిలిస్ పరీక్ష చేసేది ఇందుకే. కాన్పుకు కనీసం 30 రోజుల ముందే బెంజథీన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ పడితే బిడ్డను చాలావరకు కాపాడవచ్చు. అయితే భర్తకూ పరీక్ష, చికిత్స జరగకపోతే ఆమెకు మళ్లీ సోకే ప్రమాదం ఉంటుంది. భార్యను మాత్రమే ఆసుపత్రికి పంపి తాను బయట బండి మీద కూర్చునే మగవాడి వల్ల వైద్యం సగంలో ఆగిపోతున్నది.

హీమోఫీలియా కథ వేరు. ఇక్కడ సూక్ష్మజీవి లేదు, సోకడమన్నది లేదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్, లేదా తొమ్మిదోది, చాలినంత తయారు కాదు. బిడ్డ పాకే వయసులో మోకాళ్లు కమిలిపోతాయి. నడక వచ్చాక చిన్న దెబ్బకే కీలు వాచి, ముట్టుకుంటే వేడిగా తగులుతుంది. అప్పుడు మందుల షాపులో అడిగి ఆస్పిరిన్ లాంటి బిళ్ల వేస్తే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. ఆడపిల్లకు ఎక్స్ క్రోమోజోములు రెండు కనుక ఒకదానిలో లోపమున్నా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఉన్నది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చినదే.

దీన్ని మేనరికం మీదకు నెట్టడం మన ప్రాంతంలో మామూలే. మేనరికంతో కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరిగే మాట నిజమే, కానీ కొడుకుకు తండ్రి నుంచి ఎక్స్ రాదు గనుక, తండ్రి మేనమామ అయినా పరాయివాడైనా కొడుకు హీమోఫీలియాకు దానితో సంబంధం లేదు. పోనీ తల్లిదే లోపమందామా అంటే, మూడింట ఒక వంతు కేసుల్లో అంతకుముందు ఆ కుటుంబంలో ఈ జబ్బు ఆనవాలే ఉండదు. జన్యువులో కొత్తగా వచ్చిన మార్పే కారణమవుతుంది. నింద మోపడానికి మనిషి దొరకకపోవడం కొందరు అత్తగార్లకు మింగుడుపడని సంగతి.

రైల్వే ఉద్యోగానికి రాసి, లోకో పైలట్ మెడికల్‌లో చుక్కల పుస్తకంలోని అంకె చదవలేక వెనుదిరిగే కుర్రాడికీ సాధారణంగా వర్ణాంధత ఇదే దారిలో వచ్చి ఉంటుంది. ఇంటి పెద్దలను అడిగితే తల్లి తరఫు మేనమామకు కూడా అదే ఉందని బయటపడవచ్చు.

ఈ రెండు రకాల జబ్బులూ ఒకే శరీరంలో కలిసిన దారుణమూ చరిత్రలో ఉంది. 1980లలో కలుషితమైన రక్తపు ఉత్పత్తుల ద్వారా చాలా దేశాల్లో వేలాది హీమోఫీలియా రోగులకు హెచ్ఐవీ సోకింది. వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. హెచ్ఐవీ అనగానే నడతను శంకించేవారికి ఆ పిల్లల గురించి చెప్పాలి.

గుట్టు విషయంలోనూ రెండింటికీ ఒకే కొలత పనికిరాదు. రోగి అనుమతి లేకుండా హెచ్ఐవీ సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, అది న్యాయమే. హీమోఫీలియాను మాత్రం ఆడపిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయని దాచుకుంటే నష్టపోయేది పెద్దమ్మ కూతురో పిన్ని కూతురో. ఆమె వాహకురాలు (లోపమున్న జన్యువును మోస్తూ బిడ్డలకు అందించగల స్త్రీ) కావచ్చన్న అనుమానం డాక్టరుకు చేరితే ఫ్యాక్టర్ స్థాయి ముందే చూస్తారు, కాన్పులో బిడ్డ తలను పట్టి లాగే ఫోర్సెప్స్, వాక్యూమ్ పరికరాలు వాడకుండా జాగ్రత్తపడతారు, పుట్టినది మగబిడ్డయితే బొడ్డుతాడు రక్తంతోనే పరీక్ష చేయిస్తారు.