గుంటల పంపకం

భూతగాదాలకు కోర్టులున్నాయి, నీళ్ల తగాదాలకు ట్రిబ్యునళ్లున్నాయి. ‘గుంట’ అనే మాట ఎవరికి చెందుతుందో తేల్చడానికి మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ కనీసం ఒక కమిటీ వేసిన పాపాన పోలేదు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు గుంట అంటే ఆడపిల్ల. మగపిల్లాడైతే గుంటడు. అందరూ చేరి ఇల్లు పీకి పందిరేస్తే గుంటలు. అదే మాట తెలంగాణలో అడుగు పెట్టగానే 121 గజాల భూమి అయిపోతుంది, అలాంటివి 40 కలిస్తే ఎకరం. వాన పడిన మర్నాడు ఏ ఊళ్లోనైనా అది రోడ్డు మీద గొయ్యి.

విజయనగరం నుంచి హైదరాబాద్ వచ్చిన ఒకాయన, అద్దె ఇల్లు చూపించే బ్రోకర్‌తో “మాకు ఇద్దరు గుంటలండీ” అన్నాడట. బ్రోకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“రెండు గుంటలా! రోడ్డు పక్కనేనా సార్?”

“ఎంతసేపూ రోడ్డు మీదేనండీ.”

“రిజిస్ట్రేషన్ అయిందా?”

“పుట్టగానే మున్సిపాలిటీలో చేయించేశాం.”

పిల్లలకు ఈ పేరెలా వచ్చిందంటారా? ఎంత పోసినా నిండనిది గుంట. నిఘంటువులు ఈ వాదన ఒప్పుకోకపోవచ్చు. యూకేజీ ఫీజు కట్టినవాళ్లు ఒప్పుకుంటారు.

అసలు చిక్కు అర్థంలో లేదు, గొంతులో ఉంది. “ఓలే గుంటా, ఇలగ రాయే” అని అమ్మమ్మ పిలిస్తే అందులో అన్నం ముద్ద కూడా ఉంటుంది. అదే మాట పక్కింటావిడ మన పిల్లను అంటే మూడు నెలలు మాటలుండవు. ఇక జిల్లా దాటితే ఎవరన్నా తిట్టే. అందుకే ఉద్యోగం కోసం ఊరు దాటిన మనవాళ్లు ముందు బస్టాండులో ఈ మాటను దించేసి, తర్వాత సామాను దించుకుంటారు. ఇప్పుడు వాళ్ల ఇళ్లలో గుంటల్లేరు, కిడ్సే.

కిడ్ అంటే ఇంగ్లీషులో మొదట మేకపిల్ల. మనుషుల పిల్లలకు ఆ మాట తగిలించింది కూడా అక్కడి మొరటు జనమే. అయినా అది సముద్రం దాటి వచ్చింది కాబట్టి మన ప్లేస్కూలు బోర్డులెక్కి, రంగు బెలూన్ల మధ్య దర్జాగా కూర్చుంది. “గుంటల బడి” అని బోర్డు పెట్టి అదే ఫీజు అడగమనండి, చూద్దాం! నెలకు యాభై రూపాయలిచ్చి, అందులోనే పాలూ పోయమంటారు.

కాబట్టి ప్రభుత్వాలకు నా మనవి. రోడ్లు భవనాల శాఖవారు ఇకమీదట ‘త’ వత్తి ‘గుంత’ అనే రాయాలి. ‘ట’ మొత్తం పిల్లలకు వదిలేయాలి. రెవెన్యూవారు ఆంధ్రలో మాదిరిగా సెంట్లకు మారిపోవాలి. తెలంగాణ దీనికి ఒప్పుకోకపోతే రెండు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. తొందరేమీ లేదు, కృష్ణా జలాల సంగతి తేలాకే ఈ ఫైలు తీయండి.