బయోస్ పాస్‌వర్డ్ బెంగళూరు వెళ్లిపోయింది

విశాఖ ద్వారకానగర్‌లో ఒక మేడ మీద, రెండో అంతస్తులో వర్చువలైజేషన్ నేర్పుతారు. పేరు చెప్పను. చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆ వీధిలో మీరు ఏ మెట్లెక్కినా అలాంటి గదిలోకే చేరతారు. 'సర్వర్ అండ్ నెట్‌వర్క్ అడ్మిన్, 45 రోజులు, హండ్రెడ్ పర్సెంట్ ప్రాక్టికల్' అని ఫ్లెక్సీ. మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని డెమో క్లాసుకి వెళ్లాను.

సార్ ప్రొజెక్టర్ వేశారు. ఒకే సిస్టమ్‌లో నాలుగు సిస్టమ్‌లు నడపడమే వర్చువలైజేషన్, నడిపించేది హైపర్‌వైజర్. అది రెండు రకాలు. నేరుగా హార్డ్‌వేర్ మీద కూర్చునేది టైప్-1, విండోస్ లాంటిదాని మీద అద్దెకు దిగేది టైప్-2. రాసుకోండి. రాసుకున్నాం. ఆ తర్వాత సార్ సాహసించి వర్చువల్‌బాక్స్ తెరిచి, కొత్త మెషీన్ ఒకటి తయారుచేసి, స్టార్ట్ నొక్కారు.

'వీటీ-ఎక్స్ ఈజ్ డిజేబుల్డ్ ఇన్ ది బయోస్' అని తెర మీద పడింది. వీటీ-ఎక్స్ అంటే వర్చువలైజేషన్ కోసం ఇంటెల్ చిప్పులో పెట్టిన సదుపాయం; బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాం. ఆ సదుపాయాన్ని అక్కడ ఆపేసి పెట్టారన్నమాట.

సార్ ఆ డబ్బాని మూసేసి మళ్లీ నొక్కారు. మళ్లీ పడింది. "ఇది నార్మలే" అన్నారు.

కూర్మన్నపాలెం నుంచి వచ్చిన కుర్రాడొకడు లేచాడు. "బయోస్‌లోకెళ్లి ఎనేబుల్ చేసేస్తే అయిపోద్ది కద్సార్?"

"బయోస్‌కి పాస్‌వర్డ్ ఉంది."

"ఏటి సార్ అది?"

"అది పెట్టినతనికి జాబొచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు."

"ఫోన్ చేద్దాం సార్."

"నంబరు మార్చేశాడు."

"పోనీ బయోస్ సెట్టింగులు చెరిగిపోయేలా సీమాస్ బ్యాటరీ ఒకసారి ఊడదీసి పెడితే..."

"క్యాబినెట్ తెరిస్తే వారంటీ పోద్ది."

ఆ క్యాబినెట్ మీద వారంటీ స్టిక్కర్ వెలిసిపోయి తెల్లకాగితమైంది. అన్నట్టు, గోడ మీద 'మా ప్లేస్‌మెంట్లు' ఫొటోల్లో మొట్టమొదటిది ఆ బెంగళూరు అబ్బాయిదేనట. ఉద్యోగం వస్తుందనడానికి ఆ సంస్థ దగ్గరున్న ఏకైక సాక్ష్యం పాస్‌వర్డ్‌తో సహా పారిపోయాడన్నమాట.

సార్ మాత్రం తొణకలేదు. మెషీన్ ఆన్ అయినప్పటి స్క్రీన్‌షాట్ స్లైడులో చూపించి, "ఆన్ అయితే ఇలా వస్తుంది" అన్నారు. రామకృష్ణా బీచ్‌లో మురీ మిక్చర్ బండి ఫొటో చూపించి, కారం సరిపోయిందా అని అడిగినట్టు.

నేను మాత్రం నిరాశపడలేదు. ఎందుకంటే వర్చువలైజేషన్‌కి ఆ సంస్థను మించిన ల్యాబ్ లేదని పదో నిమిషానికే తెలిసిపోయింది. ఉన్నది ఒకే హాలు. దాన్ని ప్లైవుడ్‌తో నాలుగు గదులు చేశారు. ప్రతి గదికీ తనదే సంస్థ అనే భ్రమ. ఇది శుద్ధ హైపర్‌వైజర్ సిద్ధాంతం. ఐసోలేషన్, అంటే ఒకదాని గొడవ ఇంకోదానికి తగలకపోవడం, ఒక్కటే కాస్త బలహీనం: పక్కగది జావా సార్ కేకలు మా గదిలోకి దిగుతున్నాయి, మా నోట్సులో రెండు చోట్ల 'పబ్లిక్ స్టాటిక్ వాయిడ్' కూడా పడింది. ఏసీ ఒకటే, నలుగురూ పంచుకోవాలి. కుర్చీలు ఇరవై, అడ్మిషన్లు అరవై. ఇదేమిటని రిసెప్షన్‌లో అడిగితే, "అందరూ ఒకే రోజు రారు కదండీ" అంది ఆ అమ్మాయి. మెమరీ ఓవర్‌కమిట్‌ని నాకింత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు! సర్వర్‌లో ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ ర్యామ్ పంచిపెట్టేసి, అందరూ ఒక్కసారే అడగరని దేవుడి మీద భారం వేయడమే అది. అందరూ అడిగిన రోజు సర్వర్ డిస్కుని ర్యామ్‌లా వాడుకుని నత్తనడక నడుస్తుంది. ఇక్కడైతే పిల్లలు మెట్ల మీద కూర్చుంటారు.

కోర్సు చివర్న మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కూడా 'పెట్టిస్తారట'. హార్డ్‌వేర్ ఎక్కడా లేకుండా నడిచే మూడేళ్లు.

చేర్పించాను. అవును, చేర్పించాను, మీరేం అనక్కర్లేదు. ఫీజు 18,000. మా అక్క చీటీ పాడి కట్టింది.

నెల తిరిగేసరికి వాడికి అన్నీ కంఠతా వచ్చేశాయి. వర్చువల్ మెషీన్లు నడిపే ఐబీఎం వీఎం/370 ఎప్పుడొచ్చిందంటే 1972. కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నెల్‌లోకి ఎప్పుడు చేరిందంటే 2007. వీటీ-ఎక్స్‌ని ఇంటెల్ తన చిప్పుల్లోకి తెచ్చింది 2005లో. తెచ్చింది సరే, ద్వారకానగర్ రెండో అంతస్తులో దాన్ని ఆన్ చేసే నాథుడు మాత్రం ఇంకా పుట్టలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఒక రోజు వాడి నోట్సు తిరగేస్తే 'స్నాప్‌షాట్ = బ్యాకప్' అని కనిపించింది. కింద రెండు గీతలు కొట్టించారు.

అయ్యా, స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. బ్యాకప్ అంటే వేరే చోట దాచిన నకలు. స్నాప్‌షాట్ అంటే మెషీన్ ఆ క్షణాన ఎలా ఉందో అక్కడికి వెనక్కి రావడానికి పెట్టుకునే గుర్తు. స్నాప్‌షాట్ తీశాక జరిగే మార్పులన్నీ పక్కనే ఇంకో ఫైల్లోకి పోతాయి, అంతే. ఆ ఫైలుకి పాత డిస్కే ఆధారం. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి. తీసి మర్చిపోతే ఆ ఫైలు ఉబ్బి ఉబ్బి స్టోరేజి నింపేసి, నడుస్తున్న మెషీన్లను ఆపేస్తుంది. ఈ ముక్క తెలియని పిల్లాడు రేపు ఏ ఆస్పత్రి సర్వరో చూసుకుంటాడు. పోయిన రోజు తిట్లు ఎవరికి? వాడికి. ఉద్యోగం ఎవరిది పోతుంది? వాడిది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పడిన ఊరండీ ఇది! కరెంటు లేక, నీళ్లు లేక, ఫోన్లు మోగక రోజులు గడిపిన ఊరు. అసలూ నకలూ ఒకే పెట్టెలో పెట్టుకోవడం క్షేమమని ఈ ఊళ్లో కూర్చుని, ఈ ఊరి పిల్లల దగ్గర డబ్బులు తీసుకుని చెప్పడానికి సిగ్గుండాలి. బయోస్ తెరవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు 45 రోజుల్లో దొరకలేదు వీళ్లకి.

ఆ రాత్రి వాడి పాత ల్యాప్‌టాప్ ముందేసుకున్నాం. ర్యామ్ 8 జీబీ. ఆన్ అవుతుండగా ఎఫ్2 నొక్కి, బయోస్‌లో వర్చువలైజేషన్ ఎనేబుల్ చేశాం. రెండు లినక్స్ మెషీన్లు లేచాయి. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని పేరు పెట్టి పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని పలకరిస్తే, మాత్రం పోదు. పదకొండు దాటింది. చూస్తే రెండింటి అడ్రసూ ఒకటే, 10.0.2.15.

"ఏటి మావయ్యా, కవల పిల్లల్లా ఉన్నారు" అన్నాడు.

రెండూ న్యాట్ అనే నెట్‌వర్క్ పద్ధతిలో ఉన్నాయి. న్యాట్‌లో ఉన్న మెషీన్ దేని గదిలో అది గడియ వేసుకుని ఉంటుంది, కిటికీలోంచి ఇంటర్నెట్ చూడగలదు గానీ పక్కగదిని చూడలేదు. మెషీన్లను లోపల్లోపలే కలిపే హోస్ట్-ఓన్లీకి మార్చి, మళ్లీ ఆన్ చేస్తే పింగ్ వెళ్లింది. నాలుగు వరుసల జవాబు. వాడు కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ పింగ్ కొట్టాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి కొట్టాడు.

మర్నాడు సంస్థ నుంచి ఫోన్. సర్టిఫికెట్ రెడీ అట, వచ్చే వారం నుంచి అడ్వాన్స్‌డ్ క్లౌడ్ బ్యాచ్ కూడా మొదలట.

"దానికి ల్యాబ్ ఎక్కడమ్మా?" అన్నాను.

"క్లౌడ్ కద్సార్. దీనికసలు సిస్టమ్‌లే అక్కర్లేదు."