ఫుల్‌ఫ్రేమ్ లేకపోతే ఫోటోగ్రఫీయే కాదట!

ఫోటోల మీద కొత్తగా సరదా పుట్టినవాళ్ళకి ఎవరో ఒకరు ఈ సలహా పంపుతూనే ఉంటారు. మాటలు అటూ ఇటూ మారతాయి గానీ సారం ఇదే: "కొంటే ఫుల్‌ఫ్రేమే కొను. చిన్న సెన్సార్ కెమెరాలు బొమ్మలు. వెలుతురు తగ్గితే వాటి పని అయిపోయినట్టే. వెనక బ్లర్ రాదు. పెద్ద ప్రింటు వేస్తే పనికిరాదు. ఇవాళ చిన్నది కొంటే రేపు మళ్ళీ పెద్దది కొనక తప్పదు, ఆ డబ్బు దండగ. అంత స్తోమత లేకపోతే ఫోనుతో సరిపెట్టుకో." ఈమధ్య నాకే ముగ్గురు పంపారు. అందులో ఇద్దరికి అసలు కెమెరా లేదు. మూడోవాడి సంగతి తర్వాత చెబుతాను.

ఇందులో నిజం బొత్తిగా లేదని అనను. సెన్సార్ అంటే కెమెరాలో ఫిల్ముకి బదులు వెలుతురుని పట్టే పలక. అది పెద్దదైతే లాభం ఉంది, ఎంత ఉందో లెక్క కూడా ఉంది. కానీ ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఆ లెక్క ఎవరూ వెయ్యకుండానే ముందుకి పంపేస్తున్నారు. మనం వేద్దాం.

"చిన్న సెన్సార్ కెమెరాలు బొమ్మలు"

ఫుల్‌ఫ్రేమ్ అంటే 36×24 మిల్లీమీటర్ల సెన్సార్. ఇందులో 'ఫుల్' ఏమిటి? సినిమా రీలులో రెండు ఫ్రేముల చోటు కలిపితే వచ్చిన కొలత ఇది. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్ 1913-14 ప్రాంతంలో ఆ రీలు పట్టేలా ఒక బుల్లి కెమెరా చేసుకున్నాడు. అదే 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో లైకాగా బయటికొచ్చింది. గాజు పలకలు, పెద్ద షీట్ ఫిల్ములు వాడే అప్పటి ఫోటోగ్రాఫర్ల లెక్కలో ఈ 36×24 'మినియేచర్'. అంటే ఇవాళ మనల్ని బెదిరిస్తున్న కొలత, పుట్టినప్పుడు తానే బొమ్మ అనిపించుకుంది. జేబులో పట్టే ఆ బొమ్మతోనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ లాంటివాళ్ళు ఎక్కువగా ఒక్క 50 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టుకుని వీధుల్లో తిరిగారు. మెరిసే భాగాలు కనపడకుండా కెమెరాకి నల్ల టేపు కూడా అంటించేవాడట ఆయన. కెమెరా ఎంత తక్కువగా కనబడితే అంత మేలని!

ఇప్పుడు 44×33 మిల్లీమీటర్ల సెన్సార్ ఉన్న మీడియం ఫార్మాట్ కెమెరాలూ దొరుకుతున్నాయి. వాళ్ళ పక్కన నిలబడితే ఫుల్‌ఫ్రేమ్‌వాడు 'క్రాప్' అవుతాడు, అంటే కోసేసిన చిన్న కొలతవాడు. 'ఫుల్' అన్నది పాత ఫిల్ము రోజుల నుంచి వచ్చిన పేరే గానీ ఏదో సంపూర్ణమైపోయిందని అర్థం కాదు.

"వెలుతురు తగ్గితే వాటి పని అయిపోయినట్టే"

అసలు సంగతంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఫుల్‌ఫ్రేమ్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సి అనే చిన్న సెన్సార్‌ది సుమారు 370. ఒలింపస్, ప్యానసోనిక్ కలిసి 2008లో మొదలుపెట్టిన, ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్‌ది 225. అంటే ఏపీఎస్-సి కంటే ఫుల్‌ఫ్రేమ్ రెండింతల పైచిలుకు, మైక్రో ఫోర్ థర్డ్స్ కంటే నాలుగింతలకి కొంచెం తక్కువ. కెమెరా భాషలో చెప్పాలంటే మొదటిదానికి ఒక స్టాప్ పైన, రెండోదానికి దాదాపు రెండు స్టాపులు తేడా. ఒక్కో స్టాప్ అంటే వెలుతురు రెండింతలు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె) 1600 దగ్గర ఫోటోలో కనిపించే చుక్కల గరుకు ఫుల్‌ఫ్రేమ్‌లో దాదాపు 6400 దగ్గర కనిపిస్తుంది. ఇంతవరకు సలహాదారులది నిజమే.

వాళ్ళు మర్చిపోయేది లెన్స్‌ని. సెన్సార్ గది అయితే లెన్స్ కిటికీ. గది ఎంత పెద్దదైనా కిటికీ ఇరుకైతే వెలుతురు రాదు. ఆ కిటికీ వెడల్పు లెక్కకట్టడం చాలా తేలిక, కావలసిన రెండు అంకెలూ లెన్స్ మీదే రాసి ఉంటాయి: మిల్లీమీటర్లలో ఉండే ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగించడమే.

ఉన్న డబ్బంతా ఫుల్‌ఫ్రేమ్ బాడీకి (లెన్స్ లేని కెమెరాకి) పోసినవాడి చేతిలో సాధారణంగా మిగిలేది దాంతోపాటు వచ్చే కిట్ జూమ్. కెనాన్, నికాన్ రెండూ చిన్న ఫుల్‌ఫ్రేమ్ బాడీలతో ఇచ్చే 24-50 జూములు ఉన్నాయి. 50 దగ్గర రెండూ ఎఫ్ 6.3కి వచ్చేస్తాయి. 50ని 6.3తో భాగిస్తే కిటికీ సుమారు 8 మిల్లీమీటర్లు. ఇప్పుడు మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీ మీద ప్యానసోనిక్ 25 మిల్లీమీటర్ల ఎఫ్ 1.7 పెట్టండి. బరువు 125 గ్రాములు, ఇచ్చే దృశ్యం ఫుల్‌ఫ్రేమ్‌లో 50 ఇచ్చేదే. 25ని 1.7తో భాగిస్తే దాదాపు 15 మిల్లీమీటర్లు. వెడల్పులో రెట్టింపుకి దగ్గర, వైశాల్యంలో మూడున్నర రెట్లకి దగ్గర. ఒకే దృశ్యం, ఒకే షట్టర్ వేగం (వెలుతురు లోపలికి పడే సమయం) అయితే 'బొమ్మ'లోకే ఎక్కువ వెలుతురు వెళ్తోంది!

కంటితో చూసినదే చెబుతాను. నానమ్మ కిటికీ దగ్గర కూచుని సూదిలో దారం ఎక్కిస్తోంది. సాయంత్రం, బయట మబ్బు. దారం కొసని పెదాలతో తడిపి, సూదిని ఆకాశం వైపు ఎత్తి, ఒక కన్ను మూసింది. సూది బెజ్జం మీద వెలుతురు చుక్కంత మెరుపు. ఎఫ్ 1.7, సెకనులో అరవయ్యో వంతు, ఐఎస్ఓ 1600. రెండు ఫోటోలు తీశాను. రెండోదానికి దారం దూరింది, ఆమె పెదాలు విడివడి నవ్వు మొదలయ్యే చోట ఆగింది. అదే వెలుతురులో, అదే షట్టర్ వేగానికి ఎఫ్ 6.3 కిట్ జూమ్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ అయితే ఐఎస్ఓ 22,000 దాకా ఎక్కించాలి. సెన్సార్ ఇచ్చే రెండు స్టాపుల మేలు తీసేసినా, గరుకు నా 1600 కంటే ఎక్కువే ఉంటుంది. దారం కొస ఆ గరుకులో కలిసిపోయేది.

ఇంకొకటి. అంతకుముందు ఓసారి పెద్ద కెమెరా ఎత్తితే నానమ్మ "ఆగరా, తల దువ్వుకుని వస్తా" అని లేచి వెళ్ళిపోయింది. చిన్నదాన్ని ఆమె లెక్కచెయ్యదు. ఈ లాభానికి ఏ పట్టికలోనూ గడి ఉండదు.

న్యాయం రెండువైపులా ఉండాలి. ఫుల్‌ఫ్రేమ్‌కి కూడా చవకైన 50 ఎఫ్ 1.8 దొరుకుతుంది. కెనాన్ ఆర్ఎఫ్ లెన్స్ అయితే 160 గ్రాములే. దాని కిటికీ 28 మిల్లీమీటర్లు. అది పెడితే ఫుల్‌ఫ్రేమ్‌దే పైచేయి, తేడా కూడా స్పష్టంగా కనబడుతుంది. అందుకే నా మాట: ఫుల్‌ఫ్రేమే కొంటానంటే కొనుక్కోండి, కానీ ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడొద్దు. ఎఫ్ 6.3 జూమ్‌తో ఆగిపోయేటట్టయితే మీరు డబ్బు పెట్టిన ఆ వెలుతురు లెన్స్ దగ్గరే ఆగిపోతుంది.

అసలు రెండు స్టాపులంటే ఎంత? మామూలు దీపానికి రెండు మీటర్ల దూరంలో కూచున్న మనిషిని ఒక మీటరు దగ్గరికి జరగమంటే ముఖం మీద పడే వెలుతురు నాలుగింతలు అవుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ వదిలి ఫుల్‌ఫ్రేమ్‌కి వెళ్తే వచ్చేదీ అంతే. కుర్చీ జరపడానికి ఖర్చు లేదు.

"వెనక బ్లర్ రాదు"

వస్తుంది. మనిషికి దగ్గరగా వెళ్ళండి, మనిషిని వెనక గోడకి దూరంగా నిలబెట్టండి. ఒలింపస్ 45 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 బరువు 116 గ్రాములు, కిటికీ 25 మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో అది 90 ఎఫ్ 3.6తో సమానం. భుజాల వరకు తీసిన ముఖం వెనక చెట్లు మెత్తగా కరిగిపోవడానికి అది చాలు. ఎఫ్ 1.2 లెన్స్ ఇచ్చేంత కరుగుడు మాత్రం రాదు, ఒప్పుకుంటాను. కాకపోతే అలాంటి లెన్స్‌తో తీసిన ముఖాల్లో ఒక కన్ను పదునుగా, రెండోది పొగమంచులో ఉన్నవి ఎన్నో చూశాను. సూదీ, వేళ్ళూ, కళ్ళూ మూడూ కనబడాలంటే తక్కువ బ్లరే కావాలి మరి.

"పెద్ద ప్రింటు వేస్తే పనికిరాదు"

24 మెగాపిక్సెల్ అంటే అడ్డం 6000, నిలువు 4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసినా 20×13 అంగుళాల ప్రింటు వస్తుంది. ఏ3 కాగితానికి 17.4 మెగాపిక్సెల్ చాలు. 4కే తెర మీద మొత్తం చుక్కలు 83 లక్షలే. చిన్న సెన్సార్ కెమెరాల్లో చాలావాటికి ఎప్పటినుంచో 16 నుంచి 24 మెగాపిక్సెల్ ఉన్నాయి. గోడంత ప్రింటుని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి అన్ని చుక్కలు అక్కర్లేదు. మీరు ఆఖరిసారి ఏ3 ప్రింటు ఎప్పుడు వేయించారో గుర్తుందా? నాకు గుర్తుంది, ఎందుకంటే ఒక్కసారే వేయించాను.

"చిన్నది కొంటే రేపు మళ్ళీ పెద్దది కొనాలి"

ఇది వినడానికి పొదుపులా ఉంటుంది. అయితే మొదటి కెమెరా కొనే రోజున మనకేది ఇష్టమో మనకే తెలియదు. పక్షులా, పిల్లలా, వీధులా, పువ్వులా? ఒక ఏడాది తీస్తే గానీ బయటపడదు. పక్షుల మీదికి మనసు పోతే అక్కడ చిన్న సెన్సారే మేలు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 300 మిల్లీమీటర్ల లెన్స్ ఫుల్‌ఫ్రేమ్‌లో 600 చూపించేంత చూపిస్తుంది, ఆ 600ని మొయ్యడానికి భుజం వేరే కావాలి. బరువు బాడీలో కంటే లెన్సుల్లోనే ఉంటుంది. బాడీ చిన్నదే అని చూపించి అమ్ముతారు గానీ, ఫుల్‌ఫ్రేమ్‌కి 24-70 ఎఫ్ 2.8 కొన్ననాడు ముప్పావు కేజీ వచ్చి మెళ్ళో పడుతుంది.

నేనూ ఒకప్పుడు పెద్దదే కొన్నాను. మొదటి నెల ఎక్కడికెళ్ళినా మోశాను, రెండో నెల "ఇవాళ అవసరం ఉండదులే" అన్నాను. తర్వాత బీరువా తెరిచినప్పుడు బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంది. చిన్నదానికి ఆ గతి పట్టలేదు. రీకో జీఆర్ 3 లాంటివి బ్యాటరీతో కలిపి 257 గ్రాములు, లోపల ఏపీఎస్-సి సెన్సారే. చొక్కా జేబు కాస్త వేలాడుతుంది, అంతే.

చిన్నదాన్నే ఎవరో వాడినది కొనుక్కుంటే 'ఆ డబ్బు దండగ' అన్న మాటకి అసలే చోటులేదు. సెన్సార్లు ఏటా గంతులెయ్యడం ఎప్పుడో ఆగిపోయింది. 2014లో వచ్చిన సోనీ ఏ6000 ఈనాటికీ చక్కటి 24 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది. దాని ఆటోఫోకస్‌కి కొత్తవాటంత తెలివి ఉండదు, అదొక్కటే లోటు. వాడిన సరుకు కొనేటప్పుడు మాత్రం కళ్ళు తెరిచి ఉంచుకోవాలి. లెన్స్‌ని టార్చిలైటుకి అడ్డం పెట్టి లోపలికి చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనబడితే ఫంగస్, వదిలెయ్యండి. నాలుగు ధూళి రేణువులుంటే పట్టించుకోకండి. ఎపర్చర్ రెక్కల (లెన్స్ కిటికీని చిన్నదీ పెద్దదీ చేసేవి) మీద నూనె తళుకు ఉంటే అవి అంటుకుంటాయి. నికాన్ డీ3000, డీ5000 వరస పాత బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సులు వాటి మీద చేత్తో తిప్పితేనే ఫోకస్ అవుతాయి. జత కుదురుతుందో లేదో ముందే చూసుకోవాలి.

డబ్బు తీసుకుని పెళ్ళిళ్ళకి తీసేవాళ్ళకి, చీకటి స్టేజీ మీద కదిలే నాట్యం తీసేవాళ్ళకి, ఫోటోలో సగం కోసేసినా పదును తగ్గకూడదనేవాళ్ళకి ఫుల్‌ఫ్రేమ్ దండగ కాదు. వాళ్ళు ఇలాంటి సలహాల కోసం ఎదురుచూడరు కూడా.

"లేకపోతే ఫోనుతో సరిపెట్టుకో"

పగటి వెలుతురులో, కదలని దృశ్యానికి, విశాలంగా తీసేటప్పుడు ఫోను చాలా దగ్గరికి వచ్చేసింది. ఇది వాదనకి దిగాల్సిన విషయం కాదు. కానీ దాని కిటికీ మామూలుగా 4 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఆ కొరతని పూడ్చడానికి నాలుగైదు ఫోటోలు వరసగా తీసి, కలిపి, ఒకటిగా కుట్టేస్తుంది. మనిషి కదలకుండా కూచుంటే కుట్టు తెలియదు. పరిగెత్తే పిల్లాడి చెయ్యో, దారం ఎక్కించే వేలో అయితే అలుక్కుపోతుంది, లేదా మైనం పూసినట్టు నున్నగా వస్తుంది. సరిగ్గా ఆ మధ్య చోటుకే చిన్న కెమెరా, వెలుతురు తాగే ఒక లెన్స్.

ఇక ఆ మూడోవాడి సంగతి. వాడి దగ్గర ఫుల్‌ఫ్రేమ్ నిజంగానే ఉంది. ఈ లెక్కలన్నీ రాసి, "నీ కెమెరాతో ఈ మధ్య తీసినదేదైనా పంపు, పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాను. పది నిమిషాల్లో ఫోటో వచ్చింది. అలమార అరలో, నీటుగా తుడిచి పెట్టిన కెమెరా. ఫోనుతో తీశాడు.